చేయు, అవు: అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఇంగ్లీషు మాటల వాడుక చరిత్ర

ఇంగ్లీషులో ఒకే మాట రూపంలో ఏ మార్పూ లేకుండా నామవాచకంగానూ క్రియగానూ నిలబడగలదు. కోడ్, టెస్ట్, రన్, స్కాన్, ప్రింట్, కాల్ వంటి మాటలకు వాక్యంలో చోటు మారితే చాలు, పదజాతి కూడా మారిపోతుంది. హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లో ఈ మాటలు రోజూ వేల నోళ్లలో నలుగుతున్నాయి. శిక్షణ సంస్థల తరగతి గదుల్లోనూ, ఆసుపత్రి వరండాల్లోనూ, జిరాక్స్ దుకాణాల ముందూ అవి తెలుగు వాక్యాల్లో పూర్తిగా ఇమిడిపోయాయి. అయితే ఇంగ్లీషులో వాటికున్న రెండు హోదాల్లో ఒక్కటి మాత్రమే తెలుగులోకి వచ్చింది. తెలుగు వాక్యంలో ఇంగ్లీషు మాట తనంతట తాను క్రియ కాజాలదు; దాని పక్కన చేయు, అవు, పెట్టు, ఇచ్చు, కొట్టు, తీయు వంటి తెలుగు క్రియ ఒకటి వచ్చి చేరితే తప్ప పని జరిగిందని చెప్పడం కుదరదు. ఈ పద్ధతిని సాఫ్ట్‌వేర్ కాలం తెచ్చిపెట్టిన సంకరభాషగా తీసిపారేయడం పరిపాటి అయింది గాని, కాస్త వెనక్కి వెళ్లి చూస్తే అమీర్‌పేట తరగతి గదిలో వినిపించే వాక్యం పాతకాలపు సర్కారు కచేరీలో తయారైన అచ్చులో పోసినదేనని తేలుతుంది.

ఒకే రూపాన్ని నామవాచకంగానూ క్రియగానూ వాడే ఈ వెసులుబాటు ఇంగ్లీషుకు మొదటి నుంచీ ఇంత విరివిగా లేదు. వెయ్యేళ్ల కిందటి ప్రాచీన ఇంగ్లీషులో నామవాచకానికీ క్రియకూ సాధారణంగా వేర్వేరు ప్రత్యయాలు ఉండేవి. ప్రేమ అనే అర్థంలో నామవాచకం ‘లుఫు’ కాగా, ప్రేమించడం అనే అర్థంలో క్రియ ‘లుఫియన్’. తర్వాతి శతాబ్దాల్లో పదాల చివరి అచ్చులు బలహీనపడి, ప్రత్యయాలు ఒకటొకటిగా రాలిపోయి, చివరికి ఆ రెండు మాటలూ ‘లవ్’ అనే ఒక్క రూపంలో కలిసిపోయాయి. ఇలా రూపం మారకుండానే పదజాతి మారడాన్ని వ్యాకర్తలు కన్వర్షన్ అంటారు; 19వ శతాబ్ది చివర హెన్రీ స్వీట్ రాసిన ఇంగ్లీషు వ్యాకరణంతో ఈ పారిభాషిక పదం వాడుకకెక్కింది. కంటికి కనిపించని ప్రత్యయం ఒకటి చేరిందని భావించేవారు దీన్నే జీరో డెరివేషన్, అంటే శూన్యప్రత్యయ నిష్పత్తి, అని పిలుస్తారు. ప్రత్యయాలు రాలిపోయిన చోట ఏర్పడిన ఖాళీని ఇంగ్లీషు రచయితలు ఎంత ధైర్యంగా వాడుకున్నారంటే, షేక్‌స్పియర్ తన రిచర్డ్ ది సెకండ్ నాటకంలో అంకుల్ అనే బంధువాచకాన్ని కూడా క్రియగా మార్చాడు. 1979లో ఈవ్ క్లార్క్, హెర్బర్ట్ క్లార్క్ ప్రచురించిన అధ్యయనం ఇలా నామవాచకాల నుంచి పుట్టిన క్రియలను 1300కు పైగా పరిశీలించింది.

తెలుగుకు ఈ లక్షణం బొత్తిగా తెలియనిదని అనుకోవడం పొరపాటు. నవ్వు, తిట్టు, కుట్టు, కట్టు, పొంగు, వెలుగు, పండు అనే మాటలు నామవాచకాలూ అవును, క్రియాధాతువులూ అవును; ‘నవ్వు వచ్చింది’ అన్నప్పుడు ఉన్న మాటే ‘నవ్వాడు’ అన్నప్పుడూ ఉంది, ‘వెలుగు’లో ఉన్న మాటే ‘దీపం వెలుగుతోంది’లోనూ ఉంది. వీటి పక్కనే ఆడు నుంచి ఆట, పాడు నుంచి పాట, నడుచు నుంచి నడక వంటి ప్రత్యయసహితమైన జంటలు మరెన్నో ఉన్నాయి. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి ధాతువుల నుంచి నామవాచకాలు పుట్టే తీరును కృదంత పరిచ్ఛేదంలో వివరించాడు; కృత్తు అంటే ధాతువుకు చేరి దాన్ని నామంగా మార్చే ప్రత్యయం. కాబట్టి దేశ్యపదాలకు రెండు పదజాతుల్లోనూ తిరిగే స్వేచ్ఛను తెలుగు ఇచ్చింది గాని, అన్యదేశ్యాలకు, అంటే ఇతర భాషల నుంచి వచ్చిన మాటలకు, ఆ స్వేచ్ఛను ఎన్నడూ ఇవ్వలేదు. దీనికి కారణం తెలుగు క్రియ మోసే బరువులో ఉంది. కాలం, పురుష, లింగం, వచనం అన్నీ క్రియ చివరనే చేరాలి. నవ్వాడు, నవ్వింది, నవ్వుతారు, నవ్వకు అనే రూపాల్లో ధాతువు ప్రతిసారీ కొత్త ప్రత్యయంతో అతుక్కోవాలి. కొత్తగా వచ్చిన మాట లోపలికి ఈ ప్రత్యయాలను నేరుగా దించితే ఆ మాట గుర్తుపట్టరానిదవుతుంది. అందుకే ‘టెస్టాడు’ అనే రూపం హాస్యానికి తప్ప దేనికీ పనికిరాలేదు.

పరాయి మాటలను క్రియలుగా చేసుకోవడానికి తెలుగు చాలా కాలంగా రెండు ద్వారాలు తెరిచి ఉంచింది. మొదటిది ఇంచు అనే ప్రత్యయం. సంస్కృతం నుంచి వచ్చిన ప్రేమ, రక్ష, పఠన వంటి మాటల వెనుక ఉన్న మూలాలు ఈ ద్వారం గుండా ప్రేమించు, రక్షించు, పఠించు అనే తెలుగు క్రియలయ్యాయి. రెండవది చేయు, అవు అనే సహాయక క్రియల ద్వారం. దానం చేయు, పూజ చేయు, వివాహం అవు అన్నవి ఇలా వచ్చినవే. మొదటి ద్వారంలో పరాయి మాట తెలుగు క్రియతో ఒక్కటైపోతుంది. రెండవ ద్వారంలో పరాయి మాట తన రూపం చెడకుండా నిలబడగా, ప్రత్యయాల బరువంతా పక్కనున్న తెలుగు క్రియ మోస్తుంది. భాషల మధ్య క్రియల ఎరువును పరిశీలించిన యాన్ వోల్గెముట్ 2009లో ప్రచురించిన గ్రంథంలో ఈ రెండింటినీ లోకమంతటా కనిపించే పద్ధతుల్లో చేర్చాడు. జపనీస్ భాష ‘సురు’ అనే క్రియతోనూ, హిందీ ‘కర్నా’, ‘హోనా’ అనే క్రియలతోనూ నడిపేది రెండవ పద్ధతినే. అలాంటి పద్ధతి మన దగ్గర భాషాక్షీణతకు గుర్తుగా ఎందుకు కనిపిస్తుందన్నది వేరే చర్చ.

రెండవ ద్వారం వెడల్పయింది కచేరీలో. గోల్కొండ సుల్తానుల నాటి నుంచీ దక్కనులో పాలనకు ఫారసీ ఆధారం కాగా, నిజాం రాజ్యంలో 1884లో ఫారసీ స్థానాన్ని ఉర్దూ అధికారభాషగా తీసుకుంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. ఈ కాలమంతటా రైతు పట్వారీ దగ్గరికి వెళ్లినా, వ్యాపారి కొత్వాలు ఎదుట నిలబడినా, చెప్పుకోవాల్సిన పని ఫారసీ, అరబ్బీ మాటల్లోనే ఉండేది. సొమ్ము జమ చేయాలి, శిస్తు వసూలు చేయాలి, అర్జీ దాఖలు చేయాలి, అది మంజూరు కావాలి, లేదా రద్దు కావాలి. ఈ మాటల మూలరూపాలు ఒకే జాతికి చెందినవి కావు. జమ, వసూలు, రద్దు అరబ్బీలో క్రియకు సంబంధించిన భావనామాలు. మంజూరు ‘చూడబడినది’ అనే అర్థమిచ్చే కర్మార్థక విశేషణం. దాఖలు ‘ప్రవేశించేది’ అనే అర్థమిచ్చే కర్త్రర్థక రూపం. బర్తరఫ్ అయితే ‘ఒక పక్కకు’ అనే అర్థమున్న ఫారసీ పదబంధం, అసలు నామవాచకమే కాదు. తెలుగు ఈ భేదాలను పట్టించుకోలేదు. అన్నింటినీ ఒకే వరుసలో నిలబెట్టి, మనిషి చేస్తే చేయు అనీ, దానంతట అది జరిగితే అవు అనీ రెండు తోకలు తగిలించింది: మంజూరు చేశారు, మంజూరు అయింది, బర్తరఫ్ చేశారు, బర్తరఫ్ అయ్యాడు. ఇది నిజాం ఇలాకాకే పరిమితం కాదు. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన సి.పి. బ్రౌన్ 1854లో ఇలాంటి పరాయి మాటల కోసం మిశ్రభాషా నిఘంటువును ప్రత్యేకంగా అచ్చు వేయించాల్సి వచ్చిందంటే, కచేరీ తెలుగులో ఈ మాటల సాంద్రత ఎంతటిదో అర్థమవుతుంది.

అదే కాలంలో హిందుస్తానీ క్రియలు మాత్రం వేరే దారిన వచ్చాయి. దబానా, బనానా, ఫిరానా, సతానా, చలానా అనే క్రియలు తెలుగులో దబాయించు, బనాయించు, ఫిరాయించు, సతాయించు, చలాయించు అయ్యాయి. అంటే నామవాచకాలు చేయు ద్వారంలోనూ, క్రియలు ఇంచు ద్వారంలోనూ ప్రవేశించాయన్నమాట. హిందుస్తానీ క్రియ చివర ఉండే ‘నా’ అది క్రియ అని ముందే చాటుతుంది కాబట్టి తెలుగు చెవి దాన్ని క్రియగానే గుర్తించగలిగింది. ఇంగ్లీషు మాటకు అలాంటి గుర్తు లేదు. ప్రత్యయాలన్నీ రాలిపోయిన బోడి రూపంలో అది వచ్చింది. అప్పీల్, రిపోర్ట్, నోట్, స్టాంప్ అన్న మాటలు క్రియలో నామవాచకాలో రూపాన్ని బట్టి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. రూపంలో క్రియాచిహ్నం లేని ప్రతి మాటనూ నామవాచకంగా భావించి చేయు పక్కన నిలబెట్టే అలవాటు కచేరీలో అప్పటికే స్థిరపడి ఉంది కనుక, ఇంగ్లీషు మాటలన్నీ ఆ వరుసలోకే చేరాయి. ఎంజాయ్, జాయిన్ వంటి మాటలకు ఇంగ్లీషులో నామవాచకపు వాడుక అంతగా లేకపోయినా, అవి కూడా ఎంజాయ్ చేయు, జాయిన్ అవు అనే తీరులోనే స్థిరపడటం చూస్తే, ఇక్కడ నిర్ణయం చేసింది ఇంగ్లీషు వ్యాకరణం కాదనీ, మాట బయటి రూపమేననీ అనుకోవలసి ఉంటుంది. ఇంగ్లీషులో కన్వర్షన్‌ను సాధ్యం చేసిన ఆ బోడి రూపమే తెలుగులో ఆ మాటలను ఒకే పదజాతికి కట్టేసింది.

అమీర్‌పేట, పంజాగుట్టలు ఈ కథలోకి రావడానికి వాటి భౌగోళిక స్థితి ఒక కారణం. హైదరాబాదు నుంచి బొంబాయికి వెళ్లే పాత రహదారి పంజాగుట్ట, అమీర్‌పేట, ఎర్రగడ్డ, మూసాపేట, కూకట్‌పల్లి మీదుగా సాగేది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని అయిన తర్వాత కొత్తగా వచ్చిన ఉద్యోగులకూ, వ్యాపారులకూ ఈ దారి పొడవునా కాలనీలు వెలిశాయి. సంజీవరెడ్డి నగర్ పేరే ఆ కాలాన్ని చెబుతుంది. కోస్తా తెలుగు, తెలంగాణ తెలుగు, దక్కనీ ఉర్దూ ఒకే బస్టాపులో కలిసే ఇలాంటి చోట ముగ్గురికీ అర్థమయ్యే ఇంగ్లీషు మాటకు గిరాకీ పెరగడం సహజం.

ఈ ప్రాంతంలో ఇంగ్లీషు వృత్తిపదాలు మొదట గుమిగూడిన చోటు సాఫ్ట్‌వేర్ శిక్షణాలయం కాదు, సినిమా స్టూడియో. 1950ల చివర అమీర్‌పేటలో సారథీ స్టూడియోస్ పని మొదలుపెట్టడంతో, మద్రాసులో రూపుదిద్దుకున్న తెలుగు సినిమా వాళ్ల పరిభాష హైదరాబాదుకు చేరింది. ఈ పరిభాషలో ఇంగ్లీషు క్రియలకు చేరిన ‘ఇంగ్’ ప్రత్యయానికి పెద్దపీట. షూటింగ్ జరుగుతుంది, ఎడిటింగ్ అవుతుంది, మిక్సింగ్ పూర్తవుతుంది. ఇంగ్ చేరిన రూపం నామవాచకమని స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి దానికి తెలుగు విభక్తులు తేలిగ్గా అంటుకుంటాయి; ‘షూటింగుకు వెళ్లాడు’ అనవచ్చు గాని ‘షూట్‌కు వెళ్లాడు’ అనడం ఇటీవలి ముచ్చట. అన్నిటికంటే గమనించదగింది డబ్బింగ్. సినిమాను మరో భాషలోకి మార్చేవాడు దాన్ని ‘డబ్ చేస్తాడు’; ఆ సినిమాలో పాత్రకు గొంతు ఇచ్చే కళాకారుడు మాత్రం ‘డబ్బింగ్ చెబుతాడు’. నిర్మాత చేసేది వ్యాపారం, కళాకారుడు చేసేది మాట్లాడటం. ఇంగ్లీషు ఒకే క్రియతో సరిపెట్టుకునే రెండు పనులను తెలుగు రెండు సహాయక క్రియలతో విడగొట్టింది. దర్శకుడు ‘కట్ చెబుతాడు’, ఎడిటరు ‘కట్ చేస్తాడు’.

పంజాగుట్టలో ఇదే పని ఆసుపత్రిలో జరిగింది. నిజాం ధర్మసంస్థ ఆధ్వర్యంలో ఎముకల ఆసుపత్రిగా మొదలై తర్వాత నిజాం వైద్య విజ్ఞాన సంస్థగా పెరిగిన నిమ్స్‌కు రాష్ట్రం నలుమూలల నుంచీ రోగులు వస్తారు. చదువు రాని రోగి బంధువు నోట కూడా అక్కడి ఇంగ్లీషు మాటలు తెలుగు వ్యాకరణం ఏమాత్రం తప్పకుండా పలుకుతాయి. రోగిని అడ్మిట్ చేస్తారు, రోగి అడ్మిట్ అవుతాడు. డిశ్చార్జ్ చేస్తారు, డిశ్చార్జ్ అవుతాడు. ఎక్స్‌రే మాత్రం ఎవరూ చేయరు, తీస్తారు, ఎందుకంటే అది ఫోటో లాగా బయటికి వచ్చే వస్తువు. స్కాన్‌ను మొదట తీసేవారే గాని, కంప్యూటరు తెర మీద కనిపించే పరీక్షలు పెరిగాక చేయడం కూడా వాడుకలోకి వచ్చింది. ఆపరేషన్ అయింది అంటే చాలు, ఎవరు చేశారో చెప్పనక్కర్లేదు. కర్తను పక్కన పెట్టి ఫలితాన్ని మాత్రమే చెప్పడానికి అవు అనే క్రియ ఇచ్చే సౌకర్యం కచేరీలో ‘మంజూరు అయింది’ అన్న గుమాస్తాకు ఎంత అక్కరకొచ్చిందో, ఆసుపత్రిలోనూ అంతే అక్కరకొచ్చింది. ఇక పోలీసుల భాషలో మూడు పొరలూ ఒకే వాక్యంలో కనిపిస్తాయి: ‘ఛార్జిషీటు దాఖలు చేశారు’ అన్నప్పుడు వస్తువు ఇంగ్లీషు, పని అరబ్బీ, ప్రత్యయాలు మోసేది తెలుగు. ‘కేసు బనాయించారు’ అన్నప్పుడు కేసు ఇంగ్లీషు, బనానా హిందుస్తానీ, ఇంచు తెలుగు. కేసు పెట్టడానికీ బనాయించడానికీ ఉన్న తేడా వాదించే వకీలుకే కాదు, పత్రిక చదివే ప్రతి తెలుగువాడికీ తెలుసు.

సాఫ్ట్‌వేర్ శిక్షణకు అమీర్‌పేట పెట్టింది పేరు కావడం 1990ల మాట. 2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తేదీలను తప్పుగా లెక్కిస్తాయన్న భయంతో, వైటూకే అని పిలిచిన ఆ సమస్యను సరిదిద్దడానికి కోబాల్ భాష తెలిసినవాళ్లు అమెరికాకు పెద్దసంఖ్యలో అవసరమయ్యారు. 1998 నవంబరులో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అమెరికా ఏటా ఇచ్చే హెచ్‌1బి వీసాల పరిమితి 65,000 నుంచి 1,15,000కు, తర్వాత కొన్నేళ్ల పాటు 1,95,000కు పెరిగింది. ఆ గిరాకీని అందుకోవడానికి నగరాభివృద్ధి సంస్థ హుడా కట్టించిన మైత్రీవనం, స్వర్ణజయంతి సముదాయాల్లోనూ, వాటి చుట్టుపక్కల సందుల్లోని భవనాల్లోనూ శిక్షణ సంస్థలు వెలిశాయి. జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు హాస్టళ్లు, కర్రీపాయింట్లు, జిరాక్స్ దుకాణాలు వాటి వెంటే పుట్టుకొచ్చాయి. కోర్సులు మారాయి, కోబాల్ పోయి జావా, జావా పక్కన డాట్‌నెట్, టెస్టింగ్, ఆ తర్వాత క్లౌడ్, పైథాన్, డేటా సైన్స్ వచ్చాయి. పాఠం చెప్పే భాష మాత్రం అదే: పారిభాషిక పదాలన్నీ ఇంగ్లీషు, వాక్యం తెలుగు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాల కోసం రూపొందించిన పారిభాషిక పదాలు ఈ మెట్లెక్కలేదు.

ఈ తరగతి గదిలో టెస్ట్ అన్న మాట ఎన్ని విధాలుగా ఇమిడిందో చూస్తే తెలుగు చేసిన పని స్పష్టమవుతుంది. వారాంతంలో ఉపాధ్యాయుడు టెస్టు పెడతాడు, విద్యార్థి టెస్టు రాస్తాడు, కోర్సు ముగిశాక అదే విద్యార్థి కంపెనీలో చేరి ప్రోగ్రామును టెస్ట్ చేస్తాడు, అతను చేరిన విభాగం టెస్టింగ్. ఇంగ్లీషులో నామవాచకానికీ క్రియకూ ఉన్న తేడా ఇక్కడ రద్దు కాలేదు. మాట లోపల కాకుండా మాట పక్కన చేరిందంతే. పైగా పెట్టేవాడెవరో, రాసేవాడెవరో, చేసేవాడెవరో కర్తను చెప్పకపోయినా తెలిసిపోతుంది. ఇంటర్వ్యూ కూడా అలాంటిదే: కంపెనీ ఇంటర్వ్యూ చేస్తుంది, అభ్యర్థి ఇంటర్వ్యూ ఇస్తాడు, బాగా జరిగితే జాబ్ కొడతాడు. కొట్టడంలో ఉన్న గెలుపు ధ్వని, గోల్ కొట్టడం, లాటరీ కొట్టడం, వీసా కొట్టడం అన్న వాడుకలతో దానికున్న చుట్టరికం ఏ ఇంగ్లీషు నిఘంటువులోనూ దొరకదు. చేయని ఉద్యోగాన్ని చేసినట్టు కాగితాల్లో చూపించడాన్ని ‘ఫేక్ పెట్టడం’ అంటారు. ఇంగ్లీషులో విశేషణంగా, నామవాచకంగా, క్రియగా మూడు వేషాలు వేసే ఫేక్ ఇక్కడ కేవలం పెట్టదగిన వస్తువయింది.

చేయు, అవు అనే జంట నేర్పిన అలవాటు తిరిగి ఇంగ్లీషు మాట్లాడే తీరును కూడా మార్చింది. అమీర్‌పేటలోని స్పోకెన్ ఇంగ్లీషు తరగతుల్లో సరిదిద్దే తప్పుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది. కొడుకు కోర్సులో జాయిన్ అవుతాడు, తండ్రి వాణ్ణి జాయిన్ చేస్తాడు. తెలుగులో ఇంత సవ్యంగా ఉన్న జంటను యథాతథంగా ఇంగ్లీషులోకి మోసుకెళ్తే ‘మై ఫాదర్ జాయిన్డ్ మీ ఇన్ దిస్ కోర్స్’ అవుతుంది, దానికి తండ్రి కూడా కొడుకుతో పాటు బల్ల మీద కూర్చున్నాడని అర్థం. ఫీల్ అనే మాటది దీనికి తిరగేసిన కథ. ఇంగ్లీషులో అది మనిషి చేసే పని. తెలుగులో కోపం, బాధ, ఆశ్చర్యం మనిషికి వచ్చేవీ కలిగేవీ కాబట్టి ‘ఫీల్ చేశాడు’ అనడానికి వీల్లేక ‘ఫీల్ అయ్యాడు’ అయింది, ఆపై ఏ విశేషణమూ లేకుండానే నొచ్చుకున్నాడనే అర్థం దానికి స్థిరపడింది. ఇంగ్లీషు నేర్పేవాళ్లు తరతరాలుగా ఆశ్రయించిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణంలో ఒకే మాట వేర్వేరు పదజాతులుగా వచ్చే తీరుకు ప్రత్యేక అధ్యాయమే ఉంది. ఆ అధ్యాయాన్ని కంఠస్థం చేసిన విద్యార్థి కూడా జాయిన్ దగ్గర జారిపడటానికి కారణం, పుస్తకం నామవాచకం, క్రియ అనే భేదాన్ని చెబుతుంది గాని, తెలుగు మనసులో ఉన్నది చేయడం, కావడం అనే భేదం.

ఉచ్చారణలోనూ ఇలాంటి ఎడబాటే ఉంది. ఇంగ్లీషులో కొన్ని జంటలు రాతలో ఒకటే అయినా పలుకులో వేరు. రికార్డ్, పర్మిట్, ఇంపోర్ట్ వంటి మాటల్లో ఊనిక మొదటి అక్షరం మీద పడితే నామవాచకం, రెండవ అక్షరం మీద పడితే క్రియ. ఇది కూడా క్రమంగా పెరిగిన లక్షణమే. 1570 నాటి నిఘంటువులో ఇలాంటి జంటలు అవుట్‌లా, రెబెల్, రికార్డ్ అనే మూడే కనిపించగా, 1934 నాటికి అవి 150 అయ్యాయి. తెలుగులో ఊనిక అర్థాన్ని మార్చదు కాబట్టి ఈ భేదం మన చెవికి ఆనలేదు. రికార్డు బద్దలు కొట్టినా, పాట రికార్డు చేసినా పలుకు ఒకటే. ప్రాజెక్ట్ ఒక్కటి కొంత వరకు మినహాయింపు; కట్టేది, చదువు చివర సమర్పించేది ప్రాజెక్టు కాగా, తెర మీద వేసి చూపేటప్పుడు కొందరు ప్రొజెక్ట్ చేయడం అంటారు. ఇంగ్లీషు ఊనికతో చూపే తేడాను తెలుగు మరో చోట తనకు తెలియకుండానే చూపుతోందేమో కూడా. విభక్తి చేరే నామవాచకం అజంతంగా, అంటే అచ్చుతో ముగిసేలా, ఉంటుంది: టెస్టుకు, కోడులో, ప్రింటుతో. చేయు పక్కన నిలిచేటప్పుడు అదే మాట చివరి అచ్చును వదిలేసి టెస్ట్ చేయు, కోడ్ చేయు, ప్రింట్ చేయు అన్నట్టు హలంతంగా నిలబడటానికి మొగ్గుతుంది. పాతకాలపు రికార్డు, నోటీసు, అప్పీలు ఎక్కడైనా అజంతాలే. హలంతాలు తర్వాతి తరం ఇంగ్లీషు చదువుల ఫలం.

శిక్షణ సంస్థల మెట్ల కింద ఉండే దుకాణాల పేరే ఒక చిన్న చరిత్ర. 1959లో జిరాక్స్ 914 యంత్రం వచ్చిన తర్వాత ఆ కంపెనీ పేరు ఇంగ్లీషులో నామవాచకమూ క్రియా అయిపోవడంతో, తమ పేరును సాధారణ క్రియగా వాడవద్దని ఆ కంపెనీ ఏళ్ల తరబడి ప్రకటనలు ఇచ్చింది. పేరు సామాన్య పదమైతే వ్యాపారచిహ్నం మీద హక్కు పోతుందన్నది దాని భయం. అమెరికాలో ఆ పోరు జరుగుతుండగా తెలుగు దేశంలో అన్ని కంపెనీల యంత్రాల మీదా జిరాక్స్ తీయడం, తీయించడం మొదలైంది. తీయించు అనే ప్రేరణార్థకం, అంటే ఒకరి చేత చేయించడాన్ని చెప్పే రూపం, ఇక్కడ చాలా పని చేస్తుంది. దుకాణదారు తీస్తాడు, విద్యార్థి తీయిస్తాడు, ఇద్దరి వాక్యాల్లోనూ జిరాక్స్ మాత్రం కదలదు. గూగుల్ పేరుకూ ఇదే గతి పట్టింది. 2006లో ఆక్స్‌ఫర్డ్, మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువులు దాన్ని క్రియగా నమోదు చేయగా, తెలుగులో అది గూగుల్ చేయడం దాకా కొంత వచ్చినా, ‘గూగుల్లో వెతకడం’ అనే వాడుకకే ఎక్కువమంది కట్టుబడ్డారు.

అమీర్‌పేటలో నేర్చిన మాటలు విమానమెక్కి వెళ్లిన చోట కూడా ఇదే వ్యాకరణాన్ని వెంట తీసుకెళ్లాయి. హైదరాబాదు నుంచి సిడ్నీ దాకా తెలుగు సాఫ్ట్‌వేర్ కార్మికుల వెంట తిరిగి, దళారీ కంపెనీలు వాళ్లను అద్దెకు తిప్పే తీరును పరిశోధకుడు షియాంగ్ బియావ్ 2007లో గ్రంథస్థం చేశాడు. ప్రాజెక్టు దొరకక ఖాళీగా ఎదురుచూసే దశను ఆ వ్యాపారంలో బెంచ్ అంటారు. ఇంగ్లీషులో ఆటగాణ్ణి పక్కన కూర్చోబెట్టడం అనే అర్థంలో బెంచ్ క్రియ కూడా అయింది. తెలుగువాళ్లు మాత్రం బెంచ్ మీద ఉంటారు, బెంచ్ మీద కూర్చోబెడతారు, బెంచ్ దిగుతారు. కొయ్యబల్ల కొయ్యబల్లగానే మిగిలింది.

ఇప్పుడు శిక్షణ సంస్థల బోర్డుల మీద కొత్తగా చేరిన మాట ప్రాంప్ట్. కృత్రిమ మేధ యంత్రానికి ఇచ్చే సూచన అని దాని అర్థం. ఇంగ్లీషులో అది నామవాచకం, క్రియ, విశేషణం కూడా. తెలుగుకు ఈ మాట నిజానికి పాతచుట్టమే. రంగస్థలం మీద తెర వెనుక నుంచి నటుడికి సంభాషణ అందించడాన్ని ప్రాంప్టింగ్ అనేవారు; తెలుగు రాని తారలకు కెమెరా పక్కన నిలబడి మాటలు అందించేవాడి పనిగా అది సినిమా సెట్ల మీద ఇప్పటికీ బతికే ఉంది, డబ్బింగ్ లాగే అక్కడ ప్రాంప్టింగ్‌ను కూడా చెబుతారు. కొత్త అర్థంలో మాత్రం ఆ మాట పక్కన నిలబడాల్సిన తెలుగు క్రియ ఏదో ఇంకా తేలలేదు. కొందరు యంత్రానికి ప్రాంప్ట్ ఇస్తున్నారు, కొందరు ప్రాంప్ట్ రాస్తున్నారు, మరికొందరు ప్రాంప్ట్ కొడుతున్నారు. ప్రాంప్ట్ చేయడం ఎందుకో ఇంకా అంతగా వినిపించడం లేదు.